దిగని ముద్ద

ఆమె ఎందుకు కాదందో ముర్తుజా ఖాన్‌కు అర్థం కాలేదు. పొలాలు, ఇల్లు, వంశం అన్నీ ఉన్నవాడు. అవన్నీ పక్కన పెట్టి ఒక పేదింటి పిల్లను చేసుకుంటానన్నాడు. ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా వద్దంది.

కుందూ ఏటి ఒడ్డున గుట్ట మీద ఒక పాత దర్గా ఉండేది. అక్కడి పీఠానికి పెద్ద నూరుల్లా షా. కోపం తెలియని ముసలాయన. ఖాన్ ఆయన శిష్యుడు. నవాబుల కాలం పోయినా ఖాన్‌ల ఇంట్లో నవాబుతనం పోలేదు. అలాంటి ఇల్లు వదిలి వచ్చి దర్గాలో నేల మీద పడుకునేవాడు, వాకిలి ఊడ్చేవాడు, ఏటి నుంచి నీళ్లు మోసేవాడు. ఊరంతా మెచ్చుకునేది. ఆ మెప్పు అతనికి తెలుసు. పల్లకీ దిగి నడిచేవాడు ప్రతి అడుగూ గుర్తు పెట్టుకుంటాడు. పుట్టుక నుంచీ కాళ్లు ఈడ్చుకుంటూ బతికినవాడికి అడుగుల లెక్క ఉండదు.

మెచ్చుకునేవాళ్లు ఎందరున్నా అతనితో నవ్వేవాళ్లు ఒక్కరూ లేరు. దారిలో అతను ఎదురైతే జనం పక్కకు తప్పుకునేవాళ్లు. ఫకీర్లు కూడా అతని ముందు పొగాకు దాచేవాళ్లు. ఇంటివాళ్లు మాట మానేశారు. మాట్లాడటానికి మిగిలింది షా సాహెబ్ ఒక్కరే, ఆయనేమో రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడరు.

ఏటా ఉరుసుకు ముందు దర్గాలోని పరుపులు, రజాయిలు విప్పి, లోపలి దూదిని మళ్లీ ఏకించేవాళ్లు. దూదేకుల దస్తగిరి ఆ పనికి వచ్చేవాడు. వాకిట్లో ఒక మూల విల్లు వేలాడదీసి, దాని నారిని చెక్కతో కొడుతుంటే గట్టిపడిన దూది మబ్బులా విచ్చుకునేది. టంగ్ టంగ్ మని పగలంతా అదే చప్పుడు. పక్కనే కూతురు ఖాశింబీ ఏకిన దూదిని గలీబుల్లో నింపి కుట్టేది.

ఒకరోజు ఖాన్ నీళ్ల కుండ భుజాన పెట్టుకుని వాకిలి దాటుతున్నాడు. ఖాశింబీ తల ఎత్తకుండానే అంది.

"ఏం ఖాన్ సాబ్, మోసేది నీళ్లా, పీర్ల పండగ పీరునా? ముందు ఒక తప్పెట ఉంటే ఇంకా బాగుండేది."

దస్తగిరి హడలిపోయాడు. "నోరు ముయ్యవే పిల్లా!"

ఖాన్ కుండ దించి నవ్వాడు. ఎన్నాళ్ల తర్వాత నవ్వాడో అతనికే తెలియదు. ఆ రోజు నుంచి ఏదో ఒక పని పెట్టుకుని ఆ మూలకే వచ్చేవాడు. ఆమె ఒక మాట అనేది, అతను తిరిగి ఒక మాట అనేవాడు. సాయంత్రం వాళ్లు వెళ్లిపోయాక వాకిలి అంత పెద్దదని అతనికి తెలిసేది.

చివరికి ఒక మధ్యాహ్నం వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. పెద్దవాళ్లను పంపలేదు, కబురు పెట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

"ఖాశింబీ, నీతో ఒక మాట."

"చెప్పండి. చేతులకే పని, చెవులు ఖాళీగానే ఉన్నాయి."

"చాలా ఆలోచించాను. మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. మీ ఇంట్లో ఉర్దూ ఒక్క ముక్క రాదు. మీ నాయన విల్లు భుజాన వేసుకుని వీధి వీధీ తిరుగుతాడు. రేపు మీ చుట్టాలు వస్తే మావాళ్ల మధ్య ఎక్కడ కూర్చోబెట్టాలో కూడా నాకు తోచడం లేదు. నీ కోసం నేను ఎంత కిందికి దిగాలో నాకు తెలుసు. అయినా నా మనసు మాట వినలేదు. నిన్ను నికా చేసుకుంటాను."

విల్లు చప్పుడు ఆగింది.

ఖాన్ విన్నాడు, కానీ అటు చూడలేదు. ఖాశింబీ చేతిలో ఉన్న కుట్టు పూర్తి చేసి, దారం పంటితో తెంపింది.

"మా చుట్టాలకు ఎక్కడ కూర్చోవాలో తెలుసు సాబ్. మీరు బెంగ పెట్టుకోవద్దు."

"నీకు కోపం వచ్చింది. నేను దాచకుండా నిజం చెప్పాను."

"నిజమే. మా నాయన వీధుల్లో తిరుగుతాడు. అది నాకు తెలియదని చెప్పడానికి వచ్చారా?"

"అది కాదు. ఇన్ని ఉన్నా, అయినా నేను..."

"ఆ 'అయినా' మీ దగ్గరే ఉంచుకోండి." ఆమె గొంతు పెంచలేదు. "మీరు మంచివాళ్లని అందరూ అంటారు. కాదనను. కానీ పొద్దున లేస్తే ఆ 'అయినా' మొహం చూస్తూ కాపురం చేయడం నా వల్ల కాదు."

ఆమె సూదిని గలీబుకు గుచ్చి, లేచి వెళ్లిపోయింది. కొంతసేపటికి విల్లు మళ్లీ మోగడం మొదలైంది. పని ఆపితే గడవని ఇల్లు. దస్తగిరి అంతకన్నా ఏం చేస్తాడు?

మర్నాడు దస్తగిరి ఒక్కడే వచ్చాడు. "బిడ్డకు ఒంట్లో నలతగా ఉంది" అన్నాడు, ఎవరూ అడగకముందే. ఏకిన దూది కుప్పగా పేరుకుపోయింది. కుట్టేవాళ్లు లేరు.

ఖాన్ గురువు దగ్గర కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"హజ్రత్, నేను ఎంత దిగి వచ్చానో ఆ పిల్లకు కనిపించలేదు. చేతికి అందిన దాన్ని విసిరికొట్టింది. ఇందులో నా తప్పేమిటి?"

"ఆ పిల్లతో ఏమన్నావు?"

ఖాన్ ఒక్క మాట కూడా మింగకుండా చెప్పాడు. అంత నిజాయితీగా మాట్లాడినందుకు చెబుతున్నప్పుడు కూడా అతని గొంతులో కొంచెం గర్వం ఉంది.

షా సాహెబ్ అంతా విన్నారు. చేతిలో తస్బీ పూసలు కదులుతూనే ఉన్నాయి.

"రేపు నువ్వు వడ్డించొద్దు. బంతిలో కూర్చో" అన్నారు.

ఆ దర్గాలో వడ్డనకు ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఫకీర్లు, బాటసారులు, పనివాళ్లు అంతా ఒకే బంతిలో కూర్చుంటారు. వడ్డించేవాడు కళ్లు ఎత్తకూడదు. చూపు గిన్నె మీదా పళ్లెం మీదా ఉండాలి తప్ప తినేవాడి మొహం మీద పడకూడదు. 'బిస్మిల్లా' తప్ప ఇంకో మాట అనకూడదు. పళ్లెం ఎవరిదో తెలియకుండానే నిండాలి. వచ్చినప్పటి నుంచీ ఆ పని ఖాన్‌దే. ఒక్కసారి కూడా కన్నెత్తి చూడలేదని అందరూ చెప్పుకునేవాళ్లు.

మర్నాడు అతను బంతిలో కూర్చున్నాడు. అతని ఎడమ పక్కన ఖాళీ ఉంటే దస్తగిరి వచ్చి, కొంచెం ఎడంగా కూర్చున్నాడు. జుట్టు మీద, కనుబొమల మీద దూది పీచులు అలాగే ఉన్నాయి.

షా సాహెబ్ స్వయంగా గిన్నె పట్టుకుని వచ్చారు. తల వంచుకుని ఒక్కో పళ్లెంలో అన్నం, దాల్చా పెడుతూ వచ్చారు. బిస్మిల్లా. బిస్మిల్లా. బిస్మిల్లా.

ఖాన్ ముందుకు వచ్చి ఆగారు. తల ఎత్తి అతని మొహంలోకి చూశారు.

"ఇతను ముర్తుజా ఖాన్" అన్నారు, బంతి చివరిదాకా వినిపించేలా. "ఇతని తాత ఈ దర్గా మాన్యాన్ని ఆక్రమించి దున్నుకుని తిన్నాడు. ఇతని తండ్రి తాగి వచ్చి, ఇదే గుమ్మంలో నా గురువును తిట్టాడు. ఇతను నీళ్లు మోస్తాడు. చూసేవాళ్లు లేని రోజు కుండ సగమే నిండుతుంది. ఇలాంటివాడికి పెడితే నా పెద్దలు ఏమనుకుంటారోనని చాలా ఆలోచించాను. అయినా నా మనసు ఊరుకోలేదు. పెడుతున్నాను."

పళ్లెంలో అన్నం పెట్టారు. అందరికన్నా ఒక గరిటె ఎక్కువే వేశారు. పైన దాల్చా పోశారు.

"తిను బేటా."

మళ్లీ తల వంచుకుని పక్క పళ్లెం ముందుకు జరిగారు. బిస్మిల్లా.

బంతిలో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. తర్వాత ఎవరూ కదల్లేదు. ఖాన్ చెవులు మండిపోయాయి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. చింతపండు, సొరకాయ వేసిన దాల్చా వాసన ముక్కుకు తగులుతోంది. చెయ్యి అన్నంలోకి వెళ్లింది. ముద్ద కలిపింది. నోటిదాకా రాలేదు.

లేచిపోదామనుకున్నాడు. లేస్తే అందరూ చూస్తారు. కూర్చున్నా చూస్తున్నారు.

పక్క నుంచి దస్తగిరి మెల్లగా అన్నాడు. "తినండి సాబ్. అన్నం ఏం పాపం చేసింది?"

ఖాన్ అటు తిరిగాడు. ఎగతాళి ఉందేమోనని చూశాడు. లేదు. ఆ మొహంలో పని అలసట ఉంది, అంతే.

"దస్తగిరీ, ఆ రోజు నేను మాట్లాడుతుంటే నువ్వు..."

"ఏ రోజు సాబ్?" దస్తగిరి తన పళ్లెం వైపు తిరిగాడు. "ఉరుసు దగ్గరికొచ్చింది. నాకు పని చాలా ఉంది."

వంచిన తలతో అన్నం తినడం అలవాటైనవాడు అతను. గబగబా తినేసి, పళ్లెం కడుక్కుని, విల్లు దగ్గరికి వెళ్లిపోయాడు.

బంతి లేచింది. ఖాన్ పళ్లెం నిండుగానే ఉంది. దాన్ని తీసుకుని వంటశాల వెనక్కి వెళ్లాడు. షా సాహెబ్ బూడిదతో గిన్నె తోముకుంటున్నారు.

"ఈ అన్నం దిగలేదు హజ్రత్."

"ఉప్పెక్కువైందా?"

"లేదు."

"నేను అబద్ధం ఏమైనా చెప్పానా?"

"లేదు. అన్నీ నిజాలే."

"తక్కువ పెట్టానా?"

"ఎక్కువే పెట్టారు."

ఆయన గిన్నె బోర్లించి, చేతులు కడుక్కున్నారు.

ఖాన్ గుట్ట దిగాడు. దూదేకుల వీధి ఎటో అతనికి తెలియదు. ఇన్నాళ్లలో ఎప్పుడూ అటు వెళ్లలేదు. అడిగితే ఊళ్లోవాళ్లు వింతగా చూస్తూ దారి చెప్పారు. ఎండలో ఆ వీధి నిర్మానుష్యంగా ఉంది. చివరి ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది. గుమ్మం బయటే ఆగి పిలిచాడు.

ఖాశింబీ తలుపు దగ్గరికి వచ్చింది. నలతేమీ లేదు.

"నాయన లేడు. దర్గాలోనే కదా ఉన్నాడు."

"తెలుసు. మీతోనే మాట్లాడాలి."

ఆమె తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఇంకా తెరవలేదు, మూయనూ లేదు.

"ఆ రోజు మీ నాయన విల్లు ఆపాడు. నేను విన్నాను. విని కూడా నా మాట ఆపలేదు."

"ఊఁ."

"అది చెప్పడానికే వచ్చాను."

"ఇంకేమైనా ఉందా?"

ఉంది. గుట్ట మీద సాయంత్రాలు ఎలా ఉంటాయో చెప్పాలని ఉంది. నీళ్లకు వెళ్తూ ఆ మూల దగ్గర ఇప్పటికీ ఒక క్షణం ఆగుతున్నానని చెప్పాలని ఉంది. ప్రతి మాటా 'నేను' అనే మొదలవుతోంది.

"లేదు" అన్నాడు.

ఆమె అతని వైపు కాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే దానితో కొంచెం మాట్లాడవచ్చు.

"రేపటి నుంచి కుట్టుపనికి వస్తాను. దూదంతా అలా పడి ఉందంట, ఉరుసుకు వచ్చేవాళ్లు రాత్రిళ్లు చలికి వణుకుతారు. మీరు మాత్రం ఆ మూలకు రావొద్దు."

"రాను."

"ఎండగా ఉంది. చెట్ల కిందుగా వెళ్లండి."

తలుపు మూసుకుంది. గట్టిగా కాదు, మామూలుగానే.

అతను తిరిగి వచ్చేసరికి షా సాహెబ్ చింతచెట్టు నీడలో కూర్చుని ఉన్నారు. ఖాన్ ఆయన ముందు కూర్చున్నాడు. వాకిట్లో నుంచి విల్లు చప్పుడు వస్తోంది.

"ఇక ఆమె నాకు దక్కదు హజ్రత్."

షా సాహెబ్ తస్బీ మడిచి జేబులో పెట్టుకున్నారు. అతని భుజం ఆసరాగా పట్టుకుని లేచారు.

"ఆమె ఏమైనా సొత్తా బేటా, నీకు దక్కడానికి?"

అని, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసుకోవడానికి వెళ్లిపోయారు. రోజూలాగా వెంట రమ్మని పిలవలేదు.