ఎడమపక్క అపెండిక్స్

గంగామణిని ఇంటికి పంపించేయాలని శశిధర్ నిశ్చయించుకున్నాడు. అతను సర్జరీ చదువులో ఆఖరి ఏడాది, బంగారు పతకం మీద కన్నేసినవాడు. ఆమెకు ఎండోస్కోపీ చేశాడు, పొట్టకు అల్ట్రాసౌండ్ చేయించాడు. రెండింట్లోనూ ఏమీ కనపడలేదు. తనకు కనపడలేదంటే లేనట్టేనని అతని లెక్క.

"ఇది మనసుకు సంబంధించింది సార్. సైకియాట్రీకి పంపిద్దాం," అని గురువు మొహియుద్దీన్ గారితో అన్నాడు.

ఆ మాట మంచం మీది గంగామణికి వినపడింది. బీడీలు చుట్టే మనిషి, నలభైకి దగ్గర పడింది, ఎండి పుల్లలా ఉంది.

"తింటే చాలు సారూ, పేగులు మెలిపెట్టినట్టయితది. చిన్నప్పటి సంది గిట్లనే. పని తప్పిచ్చుకోను దొంగ నొప్పులు పడుతున్ననని మా అత్త అంటది. ఇప్పుడు మీరు పిచ్చి అంటుండ్రు. ఏందో తేలేదాక నేనైతే ఇంటికి పోను."

ఏడవలేదు. మంచం అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

మొహియుద్దీన్ గారు ఆమె చెప్పింది పూర్తిగా విన్నారు. అన్నం తెప్పించి ఆమెకు పెట్టించారు. పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఓపీలో జనం నిండిపోయారని నర్సు వచ్చి చెప్పినా కదల్లేదు. శశిధర్ మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు.

కాసేపటికి గంగామణి ముఖం పాలిపోయింది. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పక్కకు ఒరిగింది. ఆకుపచ్చగా వాంతి చేసుకుంది. శశిధర్ ఆ నొప్పి గురించి చాలాసార్లు విన్నాడు గానీ, చూడటం అదే మొదలు.

"సీటీ తీయించు," అన్నారు గురువుగారు లేస్తూ. "జబ్బు వెతకడం తర్వాత. ముందు పేగులు ఏ పక్కన ఉన్నాయో చూడు."

సీటీ ఫిల్ములో చిన్నపేగులన్నీ కుడివైపున, పెద్దపేగు మొత్తం ఎడమవైపున ఉన్నాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు తిరగాల్సిన తిరుగుడు ఆ పేగులు తిరగలేదు. వాటికి అడ్డంగా పెరిగిన పొరలు పేగును నొక్కేస్తున్నాయి. పైగా పేగు మెలిపడి ఉంది. ఆమె మొదటినుంచీ చెబుతున్నది అదే.

శశిధర్ ఆ ఫిల్మును చాలాసేపు చూశాడు. "ఇది పుట్టుకతో వచ్చేది సార్. పసిపిల్లల వార్డులో కదా దొరకాలి."

"దొరకని పిల్లలు పెద్దవాళ్ళవుతారు," అన్నారు మొహియుద్దీన్ గారు. "ఆపరేషన్‌కి సిద్ధం చెయ్యి."

గంగామణికి చెబితే, "కొయ్యుండ్రి," అంది అంతే.

ఆపరేషన్ బల్ల దగ్గర గురువుగారు మెలి విప్పి, పొరలు ఒక్కొక్కటే కోసేశారు. పేగు రంగు తేరుకుంది. శశిధర్‌కు ప్రాణం లేచివచ్చింది.

"ఇక వీటిని సరైన చోట పెట్టేద్దామా సార్?"

"ఈమెకు ఇదే సరైన చోటు."

చిన్నపేగులను కుడివైపున, పెద్దపేగును ఎడమవైపున అలాగే సర్దారు. తర్వాత, అందరికీ కుడిపక్కన ఉండే అపెండిక్స్‌ను ఈమెకు ఎడమపక్క డొక్క కిందినుంచి బయటికి తీసి ముడి వేశారు. అందులో ఏ వాపూ లేదు.

"అది బాగానే ఉంది కదా సార్. ఎందుకు కోయడం?"

మొహియుద్దీన్ గారు కోసి పళ్ళెంలో పెట్టారు.

"రేపెప్పుడైనా ఇది వాచొచ్చు. ఈమె ఎడమపక్క నొప్పి అంటుంది. ఆ రోజు వార్డులో నీలాంటివాడు ఉండొచ్చు."

శశిధర్ తల వంచుకుని కుట్లు వేయడం మొదలుపెట్టాడు.

గంగామణికి మళ్ళీ అన్నం పెట్టిన రోజు శశిధరే స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. నొప్పి రాలేదు. అప్పుడే ఊరినుంచి దిగిన అత్త మంచం కాళ్ళ దగ్గర నిలబడి, కోడలు తినడాన్నే చూస్తోంది.

"నిజంగనే ఉండెనా సారూ, లోపట?" అని మెల్లగా అడిగింది.

"పుట్టినప్పటినుంచీ ఉందమ్మా," అన్నాడు శశిధర్. "చూడనిది మేమే."

గంగామణి తల ఎత్తలేదు. ఇంకో ముద్ద కలుపుకుంది.