చిక్కుడు పందిట్లో ఖాళీ జాగా

అచ్చాయమ్మగారి పెరటికి అసలు యజమానులు పిట్టలే. ఆవిడ పొద్దున్నే మట్టి చట్టిలో నీళ్ళు పోసి, చూరుకి వరికంకుల కుచ్చు వేలాడదీసి, కాఫీ గ్లాసుతో గట్టు మీద కూర్చునేది. "మనం రాకపోతే పాపం ఈవిడకి పొద్దుపోదు" అని జాలిపడి పిట్టలన్నీ వచ్చి వాలేవి.

రథసప్తమి దగ్గరపడింది. చలి కాస్త తగ్గింది. మునగచెట్టు నిండా పూత. పిట్టలందరి ఇళ్ళలోనూ ఒకటే గోల, ఈ ఏడు గూడెక్కడా అని.

అందరికంటే ఎక్కువ బెంగ గోరింక పానకాలుకి. చలికాలమంతా ఏదో చెట్టు మీద గుంపులో పడుకుని గడిపేశాడు. ఇప్పుడు భార్య మంగతాయారు గుడ్లు పెట్టే వేళయింది. గోరింకలకి కన్నం ఉంటేనే కాపురం. ఆ పెరట్లో ఉన్నది ఒక్కటే కన్నం, నూతి పక్క గోడలో ఇటుక ఊడిన చోట. అందులో పిచ్చుక చిట్టబ్బాయి, అతని భార్య నూకాలు కిందటి వానాకాలం నుంచీ ఉంటున్నారు.

"కన్నం చూపిస్తారా, పుట్టింటికి పొమ్మంటారా?" అంది మంగతాయారు.

పిచ్చుకల్ని తరిమేద్దామంటే అచ్చాయమ్మకి అవంటే ప్రాణం. వాటి జోలికెళితే చీపురు విసురుతుంది. కాబట్టి వాళ్ళంతట వాళ్ళే ఖాళీ చెయ్యాలి. పానకాలు ఆలోచించాడు. తన ఆలోచనలంటే ఆయనకి చాలా గౌరవం.

మర్నాడు నీళ్ళ చట్టి దగ్గర అందరూ చేరిన వేళ చూసి మొదలుపెట్టాడు.

"ఏం తమ్ముడూ, ఇంకా ఆ గోడలోనేనా? ఎండలు ముదిరాయంటే పిల్లలు వేగిపోరూ!"

"మరెక్కడికి పోతాం అన్నయ్యా?" అన్నాడు చిట్టబ్బాయి.

"అదిగో, చిక్కుడు పందిరి! తూర్పు ముఖం. పక్కనే నీళ్ళు. తీగతీగకీ పేనుబంక పురుగులు, పిల్లల తిండికి గుమ్మం దాటక్కర్లేదు."

"ఎన్నాళ్ళుంటుందయ్యా ఆ పాదు?" అన్నాడు కాకి కోటయ్య.

"ఎన్నాళ్ళేమిటి కోటయ్యా! రథసప్తమికి సూర్యుడి రథం దేంతో కడతారు? చిక్కుడుకాయలతో. పరమాన్నం దేంట్లో పెడతారు? చిక్కుడాకులో. దేవుడి రథానికి కాయలిచ్చిన పాదు మీద ఎవరైనా చెయ్యి వేస్తారా? కళ్ళు పోవూ!"

పిట్టలన్నీ తలలాడించాయి. దేవుడి పేరు వచ్చాక ప్రశ్నలు వెయ్యడం ఆ పెరట్లో మర్యాద కాదు.

నిజానికి పానకాలుకి అంతా తెలుసు. కిందటేడు పండగ వెళ్ళి పాదు ఎండగానే అచ్చాయమ్మ దాన్ని పీకేసి, మట్టి తవ్వి బీర గింజలు పెట్టింది. ఆ మట్టిలో వానపాముల్ని ఏరుకు తిన్నది తనే. పిచ్చుకలు అప్పటికింకా ఈ పెరటికి రాలేదు. కోటయ్య ఊరంతా తిరిగే మనిషి, ఎవరింట్లో ఏం పీకారో ఆయనకెక్కడ గుర్తు.

చిట్టబ్బాయి అప్పుడే ఓ గడ్డిపోచ ముక్కున కరుచుకున్నాడు. నూకాలు దాన్ని లాగి కింద పడేసింది. ఆవిడ పందిరి వైపు చూడనే లేదు, పానకాలు కళ్ళ వైపు చూసింది. ఆ కళ్ళు గోడలో కన్నం మీద ఉన్నాయి. పానకాలు చప్పున తిప్పేసుకున్నాడు.

"ఎంత మంచి మనసు అన్నయ్యగారూ మీది!" అంది నూకాలు, పెరడంతా వినబడేలా. "అంత పచ్చటి పందిరి, దేవుడి పందిరి, మాలాంటి గుప్పెడు ప్రాణాలకి ఇస్తారా! మేం తగుతామా దానికి? మహారాణిలాంటి వదినగారుండాలి అందులో. మేం ఈ కన్నంలోనే పడుంటాం. ఏమంటారు కోటయ్యగారూ?"

"న్యాయమే," అన్నాడు కోటయ్య. తనది కానిది పంచిపెట్టడమంటే ఆయనకి సరదా.

మంగతాయారు గిర్రున తిరిగింది. "ఏవండీ! ఇంత చోటుండగా నన్ను ఆ చీకట్లో కాపురం పెట్టమంటున్నారా?"

"అది మనకి పనికిరాదే," అన్నాడు పానకాలు గొంతు తగ్గించి.

"ఎందుకు పనికిరాదు?"

పెరడంతా ఆయన వైపే చూస్తోంది. నిజం చెబితే రేపటినుంచి పానకాలు మాట నమ్మేవాడుండడు. పరువా, కన్నమా అని ఒక్క క్షణం ఊగి, పరువునే పట్టుకున్నాడు.

"నీకోసమే చూసిపెట్టాను. ముందే చెప్పి ఆశపెట్టడం ఎందుకని..."

"మా ఆయన బంగారం!" అంది మంగతాయారు.

గోరింకలకి కన్నంలో చెత్త నింపడం తెలుసు గానీ తీగల మీద గూడు అల్లడం తెలియదు. పానకాలు గడ్డీ, గుడ్డపేలికలూ, కవరు ముక్కలూ మోసుకొస్తే సగం కింద రాలేవి. ఓ రోజు అచ్చాయమ్మ పేనుబంక పోవాలని పందిరంతా పొయ్యి బూడిద చల్లింది. మంగతాయారు తుమ్మీ తుమ్మీ సొమ్మసిల్లింది.

"విభూతి అనుకో," అన్నాడు పానకాలు.

పండగ వెళ్ళింది. కాయలు రథానికి పోయాయి, ఆకులు పసుపెక్కాయి. పానకాలు రోజూ చట్టిలో మునిగొచ్చి, పాదు మొదట్లో రెక్కలు విదిలించేవాడు. ఆ నీళ్ళతో పాదు బతుకుతుందని ఆశ. ఆ తడిసిన ఒంటిని చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

ఓ ఉదయం అచ్చాయమ్మ కొడవలి పట్టుకుని వచ్చింది. "బీర పెట్టే వేళయింది," అంటూ తీగల్ని బరబరా లాగింది. గూడు మొత్తం నేల మీద పడింది. అదృష్టం, మంగతాయారు ఇంకా గుడ్లు పెట్టలేదు.

"గోరింక గూడు పందిట్లోనా! ఎక్కడి వెర్రి పిట్టలమ్మా ఇవి!" అంది అచ్చాయమ్మ.

మంగతాయారు మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, ఇది పీకేస్తారని మీకు ముందే తెలుసా?"

తెలుసంటే పెళ్ళాన్ని ముంచినవాడు. తెలియదంటే పెరటికల్లా వెర్రివాడు. కోటయ్య మెడ సాచి వింటున్నాడు. నూకాలు కన్నంలోంచి తొంగిచూసింది.

"తెలియదే," అన్నాడు పానకాలు.

పెరడంతా ఒక్కసారి పక్కున నవ్వింది. మంగతాయారు మాత్రం నవ్వలేదు. పుట్టింటి వైపు ఎగిరిపోయింది.

పక్కవాడి కోసం ఆడిన అబద్ధాన్ని మన ఇంట్లోవాళ్ళు కూడా వింటారు.