ఆశన్న తొడగని బూట్లు

1954 వానాకాలంలో సికింద్రాబాదు నూలు మిల్లు జట్టులో ఆశన్న అనే ఆటగాడు ఉండేవాడు. ఫుట్‌బాల్‌లో అతనికి ఎదురు లేదు గానీ, చప్పట్లు తనకంటే ఇంకొకరికి ఎక్కువ పడితే ఆ పూట అన్నం సహించేది కాదు.

ఆ రోజుల్లో చాలామంది ఉత్తకాళ్ళతోనే ఆడేవారు. గోలు కొట్టినవాణ్ణి జనం భుజాల మీద ఎత్తుకుని, మూలనున్న ఇరానీ హోటల్ దాకా ఊరేగించేవారు. ఆ భుజాలంటే ఆశన్నకు ప్రాణం.

అతని చిన్ననాటి స్నేహితుడు దానియేలు కూడా అదే జట్టులో ఆడేవాడు. ఆ ఏడే అతను బూట్లు తొడగడం మొదలుపెట్టాడు. మొదట్లో తడబడి పడేవాడు. "దొరగారొచ్చిండు, జరగండి!" అని జనం నవ్వేవారు. దానియేలూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

ఆ ఏటి టోర్నమెంటు ఫైనల్ రోజు పొద్దుట్నుంచీ వాన. మైదానమంతా బురద. అవతలిది మిలిటరీ జట్టు, అందరికీ బూట్లున్నాయి. కొత్త ఆటగాణ్ణి ఎంచుకోవడానికి కలకత్తా క్లబ్బు మనిషి కూడా వచ్చి కూర్చున్నాడు.

కోచ్ గఫార్ సాబ్ ఒక జత బూట్లు తెచ్చాడు. "ఇవాళ తొడుక్కో బేటా. ఈ బురదలో నీ కాలు వాళ్ళ బూటు కింద పడితే నుజ్జవుతుంది," అన్నాడు.

ఆశన్న గ్యాలరీ వైపు చూశాడు. "బూట్లు తొడిగితే నేనూ దానియేలూ ఒకటే అయితం సాబ్. ఇంక నన్ను చూడనీకి ఎవరొస్తరు?"

దానియేలు అతని ముందు గొంతుక్కూర్చున్నాడు. "జనం ఇంటికి పోతరు. కాలు నీతోనే ఉంటది. చాపురా, లేసులు నేను కడత."

"నీకు చప్పట్లు తక్కువని నన్ను గూడ నీ లెక్క చేస్తవా?"

"అట్లనే అనుకో. కాలు చాపు."

ఆశన్న చాపలేదు.

మొదటి సగంలో ఉత్తకాలితోనే గోలు కొట్టాడు. "ఆశన్నా! ఆశన్నా!" అని మైదానం ఊగిపోయింది. రెండో సగంలో బురదగుంటలో ఆగిన బంతిని అతనూ ఒక మిలిటరీ ఆటగాడూ ఒకేసారి తన్నారు. ఆశన్న పాదం ఆ బూటు కింద పడింది. అతణ్ణి మోసుకెళ్ళి గీత అవతల పడుకోబెట్టారు. ఆట సాగింది. చివర్లో దానియేలు గెలుపు గోలు కొట్టాడు.

జనం దానియేలును ఎత్తుకోవడానికి పరుగెత్తుకొచ్చారు. అతను వాళ్ళ చేతులు విదిలించుకుని, గీత దగ్గరికి ఉరికి, ఆశన్నను భుజాన వేసుకున్నాడు.

"ఎటురా?"

"దవాఖానకు. కదలకు, శాన బరువున్నవ్."

మైదానం దాటాక ఆశన్న ఏడుస్తూనే తల తిప్పి చూశాడు. వెనక ఎవరూ రావడం లేదు. "జనమేరిరా?"

"వాన పెద్దదైంది, చాయ్ తాగబోయిన్రు. నేనొక్కణ్ణి సాలనా?"

ఆశన్న అతని మెడను గట్టిగా పట్టుకున్నాడు.

మరుసటి ఎండాకాలం కలకత్తా క్లబ్బు దానియేలును పిలిచింది. అతని బూట్లకు పాలిష్ పెట్టి సంచిలో సర్దింది ఆశన్నే.

పక్కవాడి పేరుతో తన పేరును తూచుకునేవాడు చూసేవాళ్ళ మెప్పు కోసం ఆడతాడు, దెబ్బ మాత్రం తానొక్కడే తింటాడు. ఆశన్న కుడికాలికి రెండు వేళ్ళు తీసేశారు. అతను మళ్ళీ ఫుట్‌బాల్ ఆడలేదు.