గోడలు కొరికి గెలిచిన దిబ్బ

అనగనగా ఒక అడవి, ఆ అడవి చివర ఒక మట్టిదిబ్బ. పైనుంచి చూస్తే నాలుగు గడ్డిపరకలు తప్ప ఏమీ కనబడదు. లోపల మాత్రం పెద్ద పట్నమే ఉంది, ఎలుకల పట్నం. వీధులు, గిడ్డంగులు, ఇళ్లు. ఒక ఇంటి గోడే పక్కింటికీ గోడ. అందుకే పిల్లకు పళ్లు రాగానే తల్లి చెప్పే మొదటి మాట ఒకటే. "ఏదైనా కొరుకు గానీ, ఇంటి గోడ కొరక్కు."

ఒకరోజు పందికొక్కుల దండు వచ్చి పడింది. కింది వాడంతా ఆక్రమించుకుంది. గింజల గిడ్డంగి ఆ వాడలోనే ఉంది. ఎలుకల దండనాయకుడు పదునయ్య ఇల్లు కూడా గిడ్డంగి పక్కనే. ఆ వేళకు పదునయ్య పై వాకిట కాపలాలో ఉన్నాడు. అతని భార్య మినుకమ్మ మేతకు వెళ్లింది. వాళ్ల ముగ్గురు పిల్లలూ లోపలి గదిలో చిక్కుకుపోయారు. మిగతా జనం ఎవరిళ్లలో వాళ్లు బిక్కుబిక్కుమంటూ ఉండిపోయారు.

పదునయ్య వీధులన్నీ మూయించాడు. పందికొక్కులకు తిండి ఉంది, నీళ్లు లేవు. ఎండు గింజలు తిని తిని నాలుకలు పిడచకట్టుకుపోయాయి. చివరికి వాటి నాయకుడు బానయ్య వీధి మలుపు నుంచి కేక వేశాడు.

"ఎలుకల నాయకా! తూర్పు దారి వదిలిపెట్టు. మా దోవన మేం పోతాం. మీ పిల్లల జోలికి రాం."

సంగతి విని మేత వదిలి పరుగెత్తుకొచ్చిన మినుకమ్మకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. "వదిలెయ్యవయ్యా, పోనీ," అంది.

"పోనిస్తే మళ్లీ వస్తారే. ఒక్కణ్ణి కూడా వదలను," అన్నాడు పదునయ్య.

"మళ్లీ వస్తే అప్పుడు చూద్దాం. నా పిల్లలు ఇవాళ లోపలున్నారు."

"వాళ్ల కోసమే కదే నా తాపత్రయం!"

అబద్ధం కాదు. పిల్లలంటే అతనికి ప్రాణం. గెలుపన్నా ప్రాణమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

వీధిలోకి దిగుదామంటే మూలమూలనా పందికొక్కులు మాటువేసి ఉన్నాయి. పదునయ్యకు ఒక ఉపాయం తట్టింది. "వీధులొద్దు. ఇళ్లలోంచి పోదాం. గోడలు కొరకండి!"

సైనికులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "గోడలా, నాయకా?"

"గోడలే. మళ్లీ కట్టుకోలేమా ఏంటి?"

ఆట గెలవాలని బొమ్మ విరగ్గొట్టిన వాళ్లు మీలో కూడా ఉన్నారు. పేర్లు చెప్పన్లెండి.

మొదట ముసలి తాత ఇంటి గోడ కొరికారు. తాత మూలకు ఒదిగి, "నాయనా, కప్పు నుంచి మట్టి రాలుతోంది," అన్నాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. పందికొక్కులు ఒక అడుగు వెనక్కి తగ్గాయి. "చూశారా!" అన్నాడు పదునయ్య.

తర్వాత ఒక బాలింత ఇల్లు. ఆమె పసికందుల్ని నోట కరుచుకుని పైకి పరుగెత్తింది. పిల్లల్ని దింపి వెనక్కి తిరిగి అరిచింది. "మా ఇల్లు కాపాడ్డానికొచ్చారా, కూల్చడానికొచ్చారా?"

సైనికులు అప్పటికే పక్క గోడ మీద పడ్డారు. పందికొక్కులు కూడా తక్కువ తినలేదు. తప్పించుకోవడానికి అవీ అటువైపు గోడలు కొరకడం మొదలుపెట్టాయి. దిబ్బంతా కరకర, కరకర. పైన నేల కుంగసాగింది.

ఇక మిగిలింది పదునయ్య ఇంటి గోడ. మినుకమ్మ దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఆగు! పిల్లల గొంతులు వినబడుతున్నాయి. ఇంకా బతికే ఉన్నారు. ఇప్పటికైనా ఆ పందికొక్కులకు దారి ఇవ్వు."

"ఒక్క గోడే! ఇదొక్కటే!" పదునయ్య ఆమెను పక్కకు నెట్టాడు. గోడలోకి పళ్లు దించాడు.

గోడ తెగింది. గోడతో పాటు కప్పు, కప్పుతో పాటు దిబ్బ. అంతా ఒక్కసారిగా కూలింది.

పందికొక్కులు అటువైపు కంతలోంచి అడవిలోకి పారిపోయాయి. ఎలుకలు మట్టిలోంచి ఎలాగో పాక్కుంటూ పైకి వచ్చాయి. పారిపోతున్న శత్రువును చూసి సైనికులు ఎగిరి గంతేశారు. "జయం! జయం!"

"నోళ్లు మూయండి!" పదునయ్య గొంతు చించుకుని అరిచాడు. "నా పిల్లల గొంతు వినబడాలి. ఎవరూ మాట్లాడకండి."

చెవి మట్టికి ఆనించాడు. ఒకచోట సన్నగా కీచుమంది. తవ్వారు, పెద్దవాడు దొరికాడు. ఇంకోచోట మట్టి కదిలింది. తవ్వారు, రెండోది దొరికింది. మూడోదాని కోసం దిబ్బంతా తిరిగి తిరిగి విన్నాడు. పొద్దు వాలేదాకా విన్నాడు. ఏమీ వినబడలేదు.

మినుకమ్మ బతికిన ఇద్దర్నీ పొట్టకు హత్తుకుని కూర్చుంది. చాలాసేపటికి పదునయ్య దగ్గరికొచ్చాడు. "పద, ఇంటికి పోదాం," అన్నాడు తల ఎత్తకుండా.

"ఏ ఇంటికి?" అంది మినుకమ్మ.

నీతి: ఇళ్లు కూల్చి గెలిచిన ఊళ్లో గెలిచినవాడికి కూడా చోటుండదు. శత్రువు వెళ్లిపోతానంటే దారి ఇవ్వడం ఓటమి కాదు.