నల్లబండ ఎక్కిన రాబందు

చలికాలం. తెల్లవారి చాలాసేపయినా ఆ కొండల నడుమ లోయ అడుక్కి ఎండ ఇంకా దిగలేదు. అక్కడ చచ్చిపడి ఎముకలే మిగిలిన దున్న పక్కన ఓ ముసలి రాబందు ఒంటరిగా కూర్చుని ఉంది. పేరు బోడెమ్మ.

ముందురోజు మిగతా రాబందులన్నీ పొద్దుండగానే ఎగిరిపోయాయి. బోడెమ్మ మాత్రం "బిడ్డకి ఇంకొక్క ముక్క" అనుకుంటూ ఆగిపోయింది. కొండకొమ్మున గూట్లో రెక్కలు రాని పిల్ల ఉంది. దానికి మూడురోజులుగా మేత లేదు. ఆ ఒక్క ముక్క మింగేలోపు పొద్దు వాలింది, గాలి చల్లబడింది. ఎంత రెక్కలు కొట్టుకున్నా నిండుకడుపుతో ఒళ్లు మూరెడైనా లేవలేదు.

ఇప్పుడు ఎదురుగా గుంటనక్క నిలబడి ఉంది.

"ఏం అత్తా, ఇంకా ఇక్కడే ఉన్నావు? ఒంట్లో బాగుందా?"

"నీ దయవల్ల బాగానే ఉంది అల్లుడూ."

"రెండుసార్లు ఎగరబోయి రెండుసార్లూ బోర్లాపడ్డావుగా. పొదచాటు నుంచి చూశాలే."

నక్క దగ్గరికి రాలేదు. రాబందు ముక్కుదెబ్బ తిన్న నక్కలు ఒంటికన్నుతో తిరగడం అది ఎరుగును. మోర ఎత్తి ఓ కూత పెట్టింది. కొండ అవతల నుంచి మూడు కూతలు బదులొచ్చాయి. దాని బావమరుదులు బయలుదేరారన్నమాట.

"పోనీ తిన్నది కక్కెయ్ అత్తా. ఒళ్లు తేలికవుతుంది, హాయిగా ఎగిరిపోవచ్చు. నేను అడ్డం రానుగా!"

ఒక్క క్షణం బోడెమ్మ మనసు ఊగింది. కానీ మింగింది గూట్లో కక్కి పెడితేనే బిడ్డకి మేత, ఇక్కడే కక్కితే దానికి పస్తే. కక్కినా ఇక్కణ్ణుంచి లేవడం కల్ల. రాత్రంతా చల్లబడి బరువెక్కిన గాలి, వాననీళ్లు పల్లానికి చేరినట్టు లోయ అడుక్కి దిగి కదలకుండా పడుకుంది. పైకి లేచే గాలి దొరకనిదే బరువు రాబందు లేవలేదు.

తలెత్తి చూసింది. వాలులో ఇరవై బారల పైన ఓ నల్లబండ. దాని అంచు మీద అప్పుడే ఎండ పడుతోంది.

నల్లరాయి త్వరగా కాగుతుంది. దాన్ని తాకిన గాలి వేడెక్కి పలచబడుతుంది, తేలికవుతుంది. చుట్టూ ఉన్న చల్లని బరువుగాలి దాన్ని పైకి నెట్టేస్తుంది. రాబందు బతుకంతా ఆ నెట్టుడు మీదే. కానీ రాయి కాగాలంటే సేపు పడుతుంది. ఆ సేపు ఎవరిస్తారు?

"అల్లుడూ, నా పొద్దు వాలిపోయింది. ఒక్క కోరిక తీర్చు. మా వాళ్లు మట్టిలో చావరు, బండమీదే ప్రాణం విడుస్తారు. నన్ను ఆ నల్లబండ దాకా నడవనీ."

నక్క బండని ఎగాదిగా చూసింది. మూడువైపులా నిట్టనిలువు లోతు. ఎక్కడానికి ఒకటే దారి. ఇక్కడైతే ముసలిది ముళ్లపొదల్లోకి దూరిపోవచ్చు. అక్కడ ఎటు పోతుంది?

"ఎంతమాట అత్తా! పద, నేనే తోడొస్తా."

పడుతూ లేస్తూ బోడెమ్మ బండ ఎక్కింది. కాళ్లకింద రాయి మంచుగడ్డలా ఉంది. నక్క దారికి అడ్డంగా కూర్చుంది.

"ఇంత తెలివి నీకెలా అబ్బింది అల్లుడూ? చిరుతపులినే బోల్తా కొట్టించావట."

నక్కకి కావలసిందీ అదే. బావమరుదులు వచ్చేదాకా ముసలిదాన్ని మాటల్లో పెట్టాలి. చిరుతకథ మొదలుపెట్టింది. బోడెమ్మ "ఆఁ... తర్వాత?" అంటూనే ఉంది. చెవులు కథమీద లేవు, ప్రాణమంతా పాదాల్లో ఉంది. రాయి చల్లదనం విరిగింది. కాసేపటికి గోరువెచ్చనైంది. ఓ ఎండుటాకు జానెడు లేచి మళ్లీ పడిపోయింది.

'ఇంకా చాలదు' అనుకుంది బోడెమ్మ.

మూడు నక్కలు రొప్పుతూ వచ్చి చేరాయి.

"కథ అయిపోయింది అత్తా" అంది నక్క పళ్లు బయటపెట్టి.

"చిరుత ఏమైందో చెప్పనేలేదు!"

"నీకేం కాబోతోందో అదే అయింది."

నాలుగూ అడుగు ముందుకేశాయి. బోడెమ్మ అంచుదాకా వెనక్కి జరిగింది. అప్పుడు ఎండుటాకు మళ్లీ లేచింది. లేచి, గిరగిరా తిరుగుతూ పైకి పోయింది. కిందికి రాలేదు.

నక్క దూకింది. బోడెమ్మ రెక్కలు చాపి అంచు మీదనుంచి జారిపోయింది. ఓ తోక ఈక నక్క నోట్లో మిగిలింది.

"పడింది! చచ్చింది!" అని నక్కలు అంచు మీదనుంచి తొంగిచూశాయి.

బోడెమ్మ పడుతోంది. రాళ్లు మీదికొస్తున్నాయి. ఇంతలో పొట్టకింద వెచ్చగా ఏదో తగిలింది, రెక్కలు నిండాయి. ఓ చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. రెక్క ఆడించకుండానే నక్కల ముక్కుల ముందునుంచి పైకి, ఇంకా పైకి, కొండకొమ్ము వైపు సాగిపోయింది.

"రెక్క కొట్టనేలేదే! ఎలా ఎగిరింది?" అని నక్క నోరు వెళ్లబెట్టింది.

"అది మాకేం తెలుసు బావా? బండమీదికి తోడుండి మరీ సాగనంపింది నువ్వేగా" అన్నాడు పెద్ద బావమరిది.

నక్కకీ నాకలోకానికీ ఎంత దూరమో, ఆ పూట నక్క మెడ నొప్పెట్టేదాకా చూసి తెలుసుకుంది.

బలం చాలనిచోట అదను తెలిసి ఓపిక పట్టినవాడే గట్టెక్కుతాడు.