నూకరత్నం కారుకి పౌడరు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పేట. కళ్ళు మూసుకుని విను, చిట్టీ. ఆ పేటలో నూకరత్నం అని ఒక మొండిఘటం ఉండేది. మొగుడు పోయాక అతని పాత కారు తనే నడిపేది. చేపల బుట్టలు వాసనొస్తాయని బస్సువాళ్ళు ఎక్కించుకునేవారు కాదు మరి. పేటలో ఆడవాళ్ళని బుట్టలతో సహా కాకినాడ బజారుకి చేర్చేది ఆ కారే.

ఒకరోజు ఆ కారులోంచి ఆయిలు కారడం మొదలైంది. కిందంతా నల్లటి మడుగు.

"ఇంజను ముసలిదైపోయిందమ్మా. తుక్కువాణ్ణి ఆదివారం రమ్మన్నాను," అన్నాడు మొగుడి అన్న, బావగారు సింహాచలం.

"కారు నాది. నేను రమ్మనలేదు," అంది నూకరత్నం.

అని కారు కిందకి దూరింది. అడుగున బోల్టులన్నీ బిగించింది. అయినా కారింది. ఆ తర్వాత అడుగున కొత్త ప్యాకింగు వేసింది. ప్యాకింగంటే ఆయిలు బయటికి రాకుండా ఇనుముకీ ఇనుముకీ మధ్య పెట్టే బెండు పట్టీలే. అయినా కారింది. సింహాచలం నవ్వాడు. అలా నవ్వేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు నూకరత్నం ఏం చేసింది? ఇంజనుని కిరసనాయిలుతో కడిగి, తుడిచి ఆరబెట్టింది. తన మొహానికి రాసుకునే పౌడరు తెచ్చి ఇంజనంతా చల్లింది. స్టార్టు చేసి, తొంగి చూస్తూ నిలబడింది. చాలాసేపటికి పైమూత అంచు నుంచి తెల్లపౌడరు మీద నల్లటి చార ఒకటి కిందకి దిగింది.

"పైన కారుతుంటే కింద బిగిస్తున్నానా ఇన్నాళ్ళూ," అని తనని తనే తిట్టుకుంది. మూత విప్పితే, లోపలి ప్యాకింగు ఎండిపోయి అప్పడంలా విరిగింది. కొత్తది వేసి మూత బిగించింది.

ఆదివారం తుక్కువాడు రానే వచ్చాడు. నూకరత్నం బావగారి భుజమ్మీది తెల్ల తువ్వాలు లాగి, ఇంజను కింద పరిచి, కారు స్టార్టు చేసింది.

"చుక్క పడితే పట్టుకుపొండి," అంది.

అందరూ గొంతుకూర్చుని చూశారు. ఎంతసేపు చూసినా చుక్క పడలేదు. తుక్కువాడు ఖాళీ బండితో వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత బుట్టలెక్కించారు. సింహాచలం గొంతు సవరించుకుని, "నన్నూ కాకినాడలో దింపమ్మా," అంటూ ముందు తలుపు తీశాడు.

"ముందు సీటు చేపలమ్మే గంగమ్మత్తది. మీరు వెనకాల, రొయ్యల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూచోండి," అంది నూకరత్నం.

కూచున్నాడు. కూచోక ఏం చేస్తాడు?

కారు వెళ్ళె కాకినాడకి, కథ వెళ్ళె కంచికి,
చిట్టి కళ్ళు రెండూ చల్లని నిద్దరకి.