తిత్తి కాళమ్మ తీయించిన తలుపు

మీ తాతకి తాత ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న రోజుల మాట. ఒక ఊళ్ళో ఒక కొలిమి, ఆ కొలిమిలో తిత్తి లాగే కాళమ్మ. పొద్దున లాగేది, మధ్యాహ్నం లాగేది, సాయంత్రమూ లాగేది. మొగుడు పోయాడు. ఒక్కగానొక్క కొడుకు మూడేళ్ళు నిండకుండానే పోయాడు. దాంతో బారసాలకి గానీ పెళ్ళికి గానీ ఆమెని ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. నాగలి కర్రు అరిగితే మాత్రం ఊరందరికీ కాళమ్మే గుర్తొచ్చేది, చూడండి మరి.

ఒక చలికాలం, తెల్లవారుజామున కాళమ్మ కొలిమి రాజేస్తుంటే గానుగవాళ్ళ ఇంట్లోంచి కుక్క మొరిగినట్టు దగ్గు వినబడింది. గానుగవాళ్ళకి కుక్క లేదు. కాళమ్మ చెయ్యి తిత్తి మీదే ఆగిపోయింది. తన కొడుకు దగ్గిన దగ్గు అది.

ఒక్క పరుగున వెళ్ళింది. లోపల కిటికీకి గోనెపట్టా కట్టారు. కుంపట్లో సాంబ్రాణి గుప్పించారు. రెండేళ్ళ సింహాద్రిని నలుగురు అదిమిపట్టి నోట్లో కషాయం పోస్తున్నారు. వాడు ఏడ్చినకొద్దీ గొంతు కూస్తోంది. నాయనమ్మ మంగాయమ్మ గుమ్మానికి అడ్డం నిలబడి, పొద్దున్నే నీ మొహం చూపించకపోతేనేం, ఆ మసిచేతులతో బిడ్డని ముట్టుకోకు అంది.

ఆ మాట కాళమ్మకి కొత్త కాదు. ఈసారి మాత్రం కదల్లేదు.

"ఆ కూత విను పెద్దమ్మా. ఊపిరి వదిలేటప్పుడు కాదు, పీల్చేటప్పుడు వస్తోంది. తిత్తిలోకి గాలొచ్చే కన్నం ఇరుకైతే ఇలాగే కూస్తుంది. వీడికి వాచింది గొంతు. ఆ ఇరుకులోకి మీరు పొగ పెడుతున్నారు. నా బిడ్డకి నేనూ పెట్టాను."

మంగాయమ్మ పక్కకి జరిగింది.

కాళమ్మ కుంపటి తీయించింది, తలుపు తీయించింది, బిడ్డని పట్టుకున్న చేతులు తీయించింది. దుప్పటి చుట్టి వీధరుగు మీది చల్లగాలికి తెచ్చి, తల్లి ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టించింది. ఎద్దుల్ని బండికి కట్టమంది. ఎదురుగా కూర్చుని, వాడి మెడ కింద చూపు నిలిపి, తిత్తి లాగేటప్పటి కూనిరాగం తీసింది.

వాడు పీల్చాడు, మెడ కింద గుంట పడింది. మళ్ళీ పీల్చాడు, గుంట పడింది. ఏడుపు మాని ఆమె మసిముక్కు కేసి చూస్తూ పీల్చాడు. గుంట పడలేదు. కాళమ్మ అప్పుడు ఏడ్చింది.

అయినా బండి విప్పనివ్వలేదు. ఈ దగ్గు పోయినట్టే పోయి రాత్రికి మళ్ళీ వస్తుందని పోరుపెట్టి, పొరుగూరి వైద్యుడి దగ్గరికి పంపించింది. బిడ్డ బతికాడు. ఆ తర్వాత కాళమ్మ చేతిమీదుగా ఎందరో బిడ్డలు బతికారు.

కాళమ్మ పోయిన రోజున తలకొరివి పెట్టింది ఎవరనుకున్నారు? మీసాలొచ్చిన సింహాద్రే.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పసిబిడ్డ కుక్కలా దగ్గితే "కాళమ్మొచ్చింది, తలుపు తియ్యండి" అంటారు. ఒకరు తలుపు తీస్తారు, ఒకరు బిడ్డని ఏడవకుండా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు, ఒకరు ఆటోకి పరిగెడతారు. బిడ్డ ఊరికే ఉన్నా కూత వినబడితే, గుంట పడితే, పెదాలు నీలమైతే ఇంకెవరి మాటా వినక ఆసుపత్రికే పరుగు తీస్తారు. ఆసుపత్రిలో ఇప్పుడు ఆ వాపుకి మందుంది.

కొలిమి చల్లారి ఎన్నేళ్ళయిందో. ఆ ఊళ్ళో ఏ ఇంట బారసాలైనా మొదటి పిలుపు ఇప్పటికీ ఆ కొలిమి గుమ్మానికే వెళ్తుంది.